హుబారా చేలో పసుపు జాకెట్టు మనిషి

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు. ఉత్త ఒట్టు కాదు, ఆరుసార్లు తప్పి ఏడోసారికి చేతికొచ్చిన నా ఖతర్ హెవీ లైసెన్సు మీద ఒట్టు. ఆ లైసెన్సు ఎంత కష్టపడితే వస్తుందో తెలిసినవాడెవడూ దాని మీద అబద్ధపు ఒట్టు వేయడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా గదిలో ఉండే ఏడుగురూ నన్ను కోతలరాయుడంటారు. వాళ్ళను నమ్మకండి. సముద్రంలో నేను పట్టిన చేప నన్నే తిరిగి పడవలోకి నెట్టిందని చెప్పిన మాట నిజమే గానీ, అది వేరే సంగతి. అందులో కూడా చేప పొడవు దగ్గరే వాళ్ళకు అనుమానం.

తుమామాలో స్టేడియం లేస్తున్న రోజులవి. అప్పట్లో ఖతర్‌లో ఏం చేసినా ప్రపంచ కప్పు కోసమే. రోడ్డు తవ్వితే కప్పు కోసం. తవ్విన రోడ్డు పూడిస్తే అదీ కప్పు కోసమే. మా గదిలో వంట వంతు వచ్చినవాడు పప్పులో ఉప్పు మరిచిపోయి, "వరల్డ్ కప్ టెన్షన్ భాయ్" అనేవాడు. నేను నీళ్ళ ట్యాంకర్ నడిపేవాణ్ణి. పొద్దున సైటు దగ్గర దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం, రోజు విడిచి రోజు మధ్యాహ్నం అల్ షహానియా దాటి, ఒంటెల పందాల ట్రాక్ దాటి, రోడ్డు కూడా విసుగొచ్చి ఆగిపోయే చోటికి వెళ్ళి పిట్టలకు నీళ్ళు పోయడం.

మా ఆవిడ ఊళ్ళో అందరికీ, "మా ఆయన దుబాయ్‌ల పిట్టలకు నీళ్ళు పోస్తుండు" అని చెప్పింది. ఇది దుబాయ్ కాదు, ఖతర్ అని పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఊరివాళ్ళు మాత్రం, "గక్కడ పిట్టలకు గూడ లారీల నీళ్ళొస్తయా? మనకు నల్లా రెండు రోజులకోసారి" అని నిట్టూర్చారట.

ఆ పిట్టల దగ్గర కావలి ఉండేది మామ. సొంత మామ కాదు. మా జగిత్యాల వైపు పక్క ఊరి మనిషి, వరస కలుపుకున్నాం. అరవై దగ్గర పడ్డ వయసు. పదిహేనేళ్ళు సైట్లలో పరంజాలు ఎక్కి దిగాడు. చివరి సైటులో నాలుగో అంతస్తు మీద కళ్ళు తిరిగి, ఇనుప పైపును కావలించుకుని అరగంట కదల్లేదు. కింద నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా", తొందరగా కానీ అని అరుస్తుంటే పైనుంచి మామ, "నువ్వే రారా పైకి, ఇద్దరం కలిసి దిగుదాం" అన్నాడట. ఆ తర్వాత మా అర్బాబు దయతలచి ఆయనకు నేల మీద పని ఇచ్చాడు. అర్బాబంటే మా ఇద్దరి వీసాలూ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ ఖతరీ యజమాని. పిట్టల కావలి పని పోతే మామ మళ్ళీ తుమామా పరంజా ఎక్కాలి, లేదా పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి. ఆ వయసులో కొత్త వీసా ఎవరూ ఇవ్వరు. ఈ కథంతా ఆ ఒక్క నౌకరీ గురించే. మధ్యలో పిట్టలు అడ్డొస్తుంటాయి, ఏమీ అనుకోకండి.

పిట్టలంటే హుబారాలు. కోడికన్నా కొంచెం పెద్దవి, ఇసుక రంగువి. రెక్కలున్నా ఎక్కువగా నడిచే తిరుగుతాయి. నడక మాత్రం అత్తగారింటికి మొదటిసారి వచ్చిన కొత్త అల్లుడి నడక. రెండడుగులు వేసి ఆగుతాయి, చుట్టూ చూస్తాయి, ఎవరైనా చూస్తున్నారేమోనని మెడ సవరించుకుంటాయి. అరబ్బులు డేగలతో వేటాడేది వీటినే.

మామకు పని అప్పగించిన రోజు అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఇసుకలో కర్రతో రెండు సున్నలు గీశాడు. ఈజిప్టు మనిషి. పెద్ద సున్నలో చిన్న సున్న. పెద్ద సున్న అర్బాబూ ఆయన చుట్టాలూ కంచె వేసిన ఎడారి. చలికాలంలో అక్కడ డేగను ఎగరేయాలంటే డబ్బు కట్టి పర్మిట్టు తీసుకోవాలి. తుపాకీ పనికిరాదు. పర్మిట్టులో ఎన్ని పిట్టలని రాసి ఉంటే అన్నే పట్టాలి. ఇక చిన్న సున్నలోకి ఎవరి డేగా రాకూడదు. పర్మిట్టుల డబ్బులో మొదటి వాటా ఆ చిన్న సున్నకే. దానితోనే కంచె, మొక్కలు, విత్తనాలు, పెంపకం కేంద్రం నుంచి తెచ్చి వదిలే పిట్టలు, నా ట్యాంకర్ నీళ్ళు, కావలివాడి జీతం. లోపల పిట్టలు నిలిచి పెరిగితే కొన్ని నడుచుకుంటూ పెద్ద సున్నలోకి వస్తాయి. అప్పుడే వచ్చే ఏడు వేట, వచ్చే ఏడు పర్మిట్టు.

ముదీర్ వెళ్ళాక మామ ఆ సున్నల వంక చాలాసేపు చూశాడు.

"అల్లుడా, పిట్టను పట్టేటోడే పిట్టకు బువ్వ పెడ్తుండా?"

"అవు మామా."

"మరి గీ సంగతి పిట్టకు ఎర్కేనా?"

"పిట్టకెందుకు మామా? మన దిక్కు చెర్ల చేపలు పట్టేటోళ్ళు ముందుగాల పైసలేసుకొని చేపపిల్లలు పోస్తలేరా? పొయ్యకుంట పట్టుకుంట పోతే రెండో ఏడు చెర్ల కప్పలే మిగుల్తయి."

"గట్ల జెప్పు మరి! ఈయన గంటసేపు సున్నలు గీసి పరేషాన్ జేసిండు." మళ్ళీ తనే అన్నాడు. "అంటే నా జీతం గూడ వేటగాడే ఇస్తున్నడన్నట్టు. పిట్టలు గీడ నిలువకపోతే?"

ఆ ప్రశ్నకు జవాబు ముదీర్ ముందే చెప్పి వెళ్ళాడు. వేట కాలం మొదట్లో పర్మిట్టు తీసుకున్న పెద్దమనుషులందరూ అర్బాబుతో కలిసి లోపలి సున్న చూడటానికి వస్తారు. మా డబ్బు ఏమైందని అడుగుతారు. నీళ్ళ దగ్గర పిట్టలు మేస్తూ కనిపిస్తే సరే. కనిపించకపోతే ఆ వాటా ఆపేస్తారు. చిన్న సున్న ఖలాస్, కావలి ఖలాస్.

డేగల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. వాటికి పాస్‌పోర్టులుంటాయి. నవ్వకండి, లైసెన్సు మీద ఒట్టేశాను. వాటికి ఆసుపత్రి ఉంది. విరిగిన ఈకకు కొత్త ఈక అతికిస్తారు. కొన్ని విమానంలో మనుషుల పక్కన కూర్చుని వెళతాయి. మామ పాస్‌పోర్టు అర్బాబు ఆఫీసు బీరువాలో ఉండేది, డేగ పాస్‌పోర్టు అర్బాబు జేబులో ఉండేది. ఆ సంగతి తెలిసిన రోజు మామ, "వచ్చే జన్మల ముక్కు జర వంకర ఉంటే సాలు" అన్నాడు.

ఇక అసలు చిక్కు. లోపల పిట్టలకు నీడ కావాలి, గింజ కావాలి. ముదీర్ కొన్ని ఎడారి మొక్కలు తెచ్చి నాటించాడు. అవి నాటిన రోజు ఎంత ఎత్తున్నాయో రెండు నెలల తర్వాతా అంతే ఎత్తున్నాయి. మామ సహించలేకపోయాడు. పావురాల దాణా అమ్మే దుకాణంలో ఒక సంచి జొన్నలు కొనుక్కొచ్చాడు. ఇసుకకు గట్లు వేశాడు, మళ్ళు కట్టాడు, నా ట్యాంకర్ నీళ్ళను కాలువ తీసి పారించాడు. ఎండ కాస్త తగ్గేసరికి జొన్న మోకాలెత్తు దాటింది. ఇంకొన్ని వారాలకు నా భుజం దాకా వచ్చింది. కంకులు వేసింది. ఎంత బలంగా పెరిగిందంటే, ఒకరోజు దారి తప్పిన ఒంటె ఒకటి అందులో దూరి బయటికి వచ్చే దారి దొరక్క రెండు రోజులు లోపలే తిరిగింది. మూడో రోజు నేను ట్యాంకర్ హారన్ కొడితే ఆ శబ్దం పట్టుకుని బయటపడింది.

ముదీర్ చూసి మురిసిపోయాడు. "మామా ముహందిస్!" అన్నాడు. ఇంజనీరు అని. మామ ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి, తనకు ప్రమోషన్ వచ్చిందని చెప్పాడు.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మామ చిన్నప్పటి నుంచీ జొన్న చేను దగ్గర చేసిన పని పిట్టలను పిలవడం కాదు, తరమడం. మంచె ఎక్కి కూర్చోవడం, వడిసెల తిప్పి రాయి విసరడం, తెల్లారకముందు నుంచి "హోయ్... హోయ్" అని గొంతు చించుకోవడం. పదేళ్ళ పిల్లాడప్పుడు చేతికెక్కిన విద్య అరవయ్యో ఏట ముదీర్ చెప్పాడని దిగిపోతుందా? కంకులు పాలు పట్టగానే ఎక్కడి నుంచి వచ్చాయో గానీ ఊరపిచ్చుకలు ముసిరాయి. ముదీర్ సంబరంగా వాటిని ఫోన్‌లో ఫోటో తీస్తున్నాడు. అప్పుడే ఆయన వెనక నుంచి మామ, "హోయ్! హోహోయ్! మీ తల్లి కడుపు గాల, పాల కంకుల మీద పడ్డరు!" అని తువ్వాల గిరగిరా తిప్పాడు. పిచ్చుకలు లేచిపోయాయి. ముదీర్ ఫోన్ మడిలో పడింది.

"షునూ హాదా?" ఏమిటిదని ముదీర్ అరిచాడు.

మామ క్షణం తడుముకుని, "సలాం జెప్పిన సార్. మా దిక్కు పిట్టలకు గట్లనే సలాం జెప్తరు" అన్నాడు. నేనది హిందీలోకి మార్చి, అందులో కొంచెం భక్తి కూడా కలిపి చెప్పాను. ముదీర్ తల ఊపాడు. మర్నాడు తను కూడా పిచ్చుకలను చూసి మర్యాదగా "హోయ్" అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులకు నేను ట్యాంకర్ తీసుకుని వెళితే చేను నడుమ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సైటులో ఒంటి నిండా తొడుక్కునే కవరాల్, మెరిసే పట్టీల పసుపు జాకెట్టు, తలకు హెల్మెట్, మొహానికి ఎర్ర గళ్ళ గుడ్డ. చేతులు రెండూ బారజాపి ఉన్నాడు. దగ్గరికి పోయి చూస్తే దిష్టిబొమ్మ. చేతులకు ఇనుప పైపు, తలకు ఖాళీ నూనె డబ్బా. ట్యాంకర్‌లో నా పాత కవరాల్ ఎటుపోయిందో అప్పుడు తెలిసింది. మామ చేతి అలవాటు అనుకున్నాను. చేను పాలు పట్టిందంటే బొమ్మ నిలబడాల్సిందే. అన్నం ముందుకొస్తే చెయ్యి కడుక్కున్నట్టు అది. ఎందుకు అని ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. చేనుకు బొమ్మ ఉంది, అంతే. లేకపోయి ఉంటే ఏదో లోటుగా ఉందే అనుకునేవాణ్ణి.

ఆ వారమే పెంపకం కేంద్రం నుంచి పెట్టెల్లో హుబారాలు వచ్చాయి. ఒక్కొక్కదాని కాలికి కడియం. పెట్టెల తలుపులు తీశారు. బయటికి వచ్చి, రెండడుగులు వేసి, ఆగి, చుట్టూ చూసి, అన్నీ ఒక్కసారే ఆ చివరి కంచె దగ్గరికి పరుగెత్తి అక్కడే వరసగా నిలబడ్డాయి. బస్సు కోసం నిలబడ్డట్టు. మర్నాడూ అక్కడే. వారం గడిచినా అక్కడే. నీళ్ళ తొట్టి దగ్గరికి రావు, జొన్న వంక చూడవు. కంచె పక్కన దొరికిన పురుగులేవో తిని బతుకుతున్నాయి.

ఇక వెతుకులాట మొదలైంది. నక్క వస్తోందేమోనని ముదీర్ ఇసుకలో అడుగులు వెతికాడు. దొరికినవి మామ చెప్పుల అడుగులు. నీళ్ళలో ఏదో ఉందని నా ట్యాంకర్ మీద అనుమానపడ్డాడు. నేను వాళ్ళ ముందే రెండు గ్లాసులు తాగి చూపించాను. రెండు రోజులు సెలవు పెట్టాను, అది వేరే సంగతి. చివరికి పిట్టల డాక్టరును పిలిపించారు. సూడాన్ మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు. ఆయన వచ్చి, తన సంచీని దిష్టిబొమ్మ చేతికి తగిలించి, చేనంతా తిరిగాడు. మట్టి వాసన చూశాడు, కంకి నమిలాడు. తిరిగొచ్చి బొమ్మ చేతి నుంచి సంచీ తీసుకుని, "షుక్రన్" అని దానికే థాంక్స్ చెప్పి, కాగితం మీద కారణం తెలియదని రాసి వెళ్ళిపోయాడు.

మీరు నమ్మరు. అంత మంది చూసి బొమ్మను ఎవరూ గుర్తుపట్టలేదా అంటారు. ఆ రోజుల్లో ఖతర్‌లో ఎటు చూసినా పసుపు జాకెట్టు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, మొహానికి గుడ్డ చుట్టుకుని ఒక మనిషి ఎండలో నిలబడి ఉండేవాడు. రోడ్డు పక్కన, గుంత పక్కన, క్రేన్ కింద, ఏమీ లేని చోట కూడా. మమ్మల్నెవరు చూస్తారు? నేనే ఒకసారి రోడ్డు మీద అలాంటివాణ్ణి దారి అడిగి, జవాబు చెప్పలేదని తిట్టుకుంటూ పోయాను. తర్వాత తెలిసింది, అది గుంత ఉందని హెచ్చరించే స్తంభం.

ముదీర్ అయితే ఇంకో మెట్టు పైకి పోయాడు. రోజూ ఒకేచోట నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా అన్నీ చూస్తున్న ఈ మనిషి, తనపై నిఘా వేయడానికి అర్బాబు పంపినవాడని అనుకున్నాడు. నేరుగా అడగడానికి భయం. అందుకని రోజూ పది గంటలకు వచ్చేవాడు ఏడింటికే రావడం మొదలుపెట్టాడు. వస్తూనే బొమ్మకు సలాం కొట్టేవాడు. దాని కాళ్ళ దగ్గర చల్లటి మజ్జిగ డబ్బా, లబాన్ అంటారక్కడ, ఒక రొట్టె పెట్టిపోయేవాడు. అవి మామ తినేవాడు.

"ముదీర్‌కు జర దైవభక్తి ఎక్కువున్నది అల్లుడా. మన బొమ్మకు రోజు నైవేద్యం పెడ్తుండు."

"తియ్యగున్నదా మామా?"

"మజ్జిగ పుల్లగున్నది. రొట్టె మంచిగున్నది."

అంత నవ్వులోనూ మామ పగలంతా ఆ చివరి కంచె వైపే చూస్తుండేవాడు. పిట్టలను బతిమాలేవాడు. "అమ్మా, ఒక్కపారి వచ్చి నీళ్ళు తాగుండ్రి. మీ కాళ్ళు మొక్కుత. నన్ను మల్ల నాలుగో అంతస్తు ఎక్కియ్యకుండ్రి." పిట్టలు మెడ సవరించుకుని ఇంకొంచెం కంచెకు ఆనుకునేవి. ఒకరోజు తన పెట్టె కిందికి దించి దుమ్ము దులుపుతూ కనిపించాడు. "సర్దుతలేను రా, ఉత్తగనే తుడుస్తున్న" అన్నాడు. పెట్టెలో అప్పటికే సగం బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

పెద్దమనుషులు వచ్చే రోజు రానే వచ్చింది. ఆరు తెల్ల ల్యాండ్‌క్రూజర్లు. దిగినవాళ్ళ చేతుల మీద తోలు టోపీలు పెట్టుకున్న డేగలు. ఒక డేగ నా ట్యాంకర్ వైపు తల తిప్పింది. కళ్ళకు టోపీ ఉన్నా నా జీతం ఎంతో దానికి తెలిసిపోయినట్టు అనిపించింది. అందరిలోకీ పెద్దవాడు, తెల్ల గడ్డం ముసలాయన, ఊతకర్ర పట్టుకుని ముందు నడిచాడు. అర్బాబు జొన్న చేను చూపించి గర్వంగా చెయ్యి చాపాడు. చేను ఉంది, నీళ్ళున్నాయి. పిట్టలు మాత్రం ఎక్కడో ఆకాశం అంచున, కంచె దగ్గర, చుక్కల్లా ఉన్నాయి.

"మన పర్మిట్టు డబ్బుతో అర్బాబు జొన్నలు పండించుకుంటున్నాడు" అని ఒకాయన వెనక నుంచి అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. అర్బాబు మొహం మాడింది. మామ మొహం చూడలేకపోయాను.

ఆ మాట దాటెయ్యాలని అర్బాబు చేను నడుమ నిలబడ్డ మనిషి వైపు తిరిగి, "సలాం అలైకుం" అన్నాడు. జవాబు లేదు. గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. లేదు.

"ఎవడితను? సలాంకు జవాబివ్వడా?" అని ముదీర్‌ను అడిగాడు.

ముదీర్ ముందుకొచ్చాడు. "మీ మనిషే కదా సార్? మీరు పంపిన..."

"నేను పంపానా?"

అర్బాబు గబగబా మడిలోకి దిగి, బొమ్మ భుజం పట్టుకుని ఊపాడు. హెల్మెట్ జారి ఆయన కాలి మీద పడింది. గుడ్డ ఊడింది. నూనె డబ్బా ఎండలో తళుక్కుమంది. ముదీర్ అయితే మూడు వారాల రొట్టెలు తలుచుకుంటున్నట్టు నిలబడిపోయాడు.

ముసలాయన కర్ర ఎత్తి బొమ్మను చూపించాడు, తర్వాత ఆ చివరి కంచెను చూపించాడు. అంతే. అందరికీ ఒకేసారి అర్థమైంది. పిట్టలు నిలవడానికి డబ్బు పోసి పెంచిన చోట పిట్టలను తరిమే బొమ్మ నిలబడి ఉంది.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు అర్బాబు. ఆ గొంతులో టిక్కెట్టు కూడా వినిపించింది, ఇంటికి వెళ్ళే టిక్కెట్టు.

మామ ఒక అడుగు ముందుకేశాడు. "నేనే సార్."

అప్పుడు నేను ఊరుకోలేదు. ట్యాంకర్ మెట్టు మీదికి ఎక్కి, అరబీలో, హిందీలో, నడుమ నడుమ జగిత్యాల భాషలో ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఈ మనిషి పదేళ్ళప్పటి నుంచి జొన్న కాచినవాడు, మా దేశంలో చేను చూస్తే చెయ్యి దానంతటదే బొమ్మను కడుతుంది, ఇది నేరం కాదు, నిష్ఠ అన్నాను. మీ డేగ మాట వింటే పిట్టను పడుతుంది, మా మామ చేను చూస్తే పిట్టను తరుముతాడు, ఇద్దరిదీ నేర్చిన విద్యే అన్నాను. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒక డేగ తల దించుకుంది.

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కర్ర వదిలేశాడు. మామ చెయ్యి పట్టుకుని, అర్బాబు వైపు తిరిగి ఏదో అన్నాడు. ముదీర్ మాకు చెప్పాడు. "పిట్టకు దేన్ని చూస్తే భయమో తెలిసినవాడికి, పిట్టకు ఏమిష్టమో తెలియకుండా ఉంటుందా? వారం ఆగుదాం. వారంలో పిట్టలు నీళ్ళ దగ్గరికి రాకపోతే అప్పుడు చూద్దాం" అన్నాడట. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాడు. బొమ్మను పారెయ్యొద్దు, చిన్న సున్న అంచున నిలబెట్టండి, హద్దు మరిచిపోయి లోపలికి డేగను వదిలే మావాళ్ళ కోసం, అని.

బొమ్మ ఆ సాయంత్రమే బదిలీ అయింది. ఆ వారమంతా మామ చేను దగ్గర ముక్కూ నోరూ కలిపి తువ్వాల బిగించి కట్టుకుని కూర్చున్నాడు, "హోయ్" బయటికి రాకుండా. చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. మూడో రోజు ఒక హుబారా కంచె వదిలి రెండడుగులు వేసి ఆగింది. నాలుగో రోజు ఇంకో రెండు. అయిదో రోజు నేను ట్యాంకర్‌తో వెళ్ళేసరికి మామ దూరం నుంచే చేత్తో ఆపాడు. ఇంజన్ ఆపి, దిగి, చెప్పులు విప్పి నడిచి వెళ్ళాను. జొన్న నీడలో పిట్టలన్నీ ఉన్నాయి. ఒకటి కంకి వంచి గింజలు ఏరుకుంటోంది. ఇంకొకటి తొట్టిలో ముక్కు ముంచి తల పైకెత్తి మింగుతోంది. ఇంత పాలకంకి పిట్టల పాలవుతుంటే మామ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. సంతోషమో, అలవాటు తాలూకు బాధో నేను అడగలేదు. నోటికి తువ్వాల ఉంది, అడిగినా చెప్పలేడు.

ముసలాయన వచ్చి చూసి, తన పర్మిట్టుతో పాటు కొడుకుల పర్మిట్టులు కూడా తీసుకున్నాడు. ఆ వాటాతో ఇంకో తొట్టి, ఇంకో మడి వచ్చాయి. సరిహద్దున నిలబడ్డ మా బొమ్మను ఎవరో అధికారి అనుకుని చాలామంది వేటగాళ్ళు దూరం నుంచే బండి తిప్పేసేవాళ్ళు. మామ ప్రపంచ కప్పు మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మళ్ళీ పరంజా ఎక్కలేదు.

ఇదీ జరిగింది. ఇందులో ఒక్కచోట మాత్రం కల్పించాను. ఒంటె గురించి కాదు. అది రెండు రోజులు కాదు, ఒక పూటే తిరిగింది, అంతే తేడా. ముదీర్ బొమ్మకు రొట్టె పెట్టడం నిజం, డేగల పాస్‌పోర్టులూ నిజమే. ఆ దిష్టిబొమ్మను నిలబెట్టింది మామ కాదు. నేను. నీళ్ళు పోయడానికి వెళ్ళిన రోజు పాలకంకుల మీద పిచ్చుకలను చూసి చేతులు ఆగలేదు. మామ తన కావలి గదిలో పడుకుని ఉన్నాడు. ట్యాంకర్‌లో కవరాల్ ఉంది, పైపు ఉంది. పది నిమిషాల పని. మామ లేచి చూసి, "మంచిగున్నది రా" అన్నాడు. అది పిట్టలను తరిమే బొమ్మన్న సంగతే ఇద్దరం మరిచిపోయాం.

ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. "ఎవరు పెట్టారిది?" అని అర్బాబు అడిగినప్పుడు నేను ట్యాంకర్ ముందు టైరులో గాలి ఎంతుందో చూస్తూ నిలబడ్డాను. మామ ఒకసారి నా వైపు చూశాడు, తర్వాత ముందుకు అడుగేశాడు. జొన్న గురించి, మంచె గురించి, వడిసెల గురించి చెప్పుకున్నదీ తనే, వచ్చీరాని హిందీలో, చేతులు ఊపుకుంటూ. ముసలాయన నవ్వింది ఆ చేతులు చూసి.

వాళ్ళ బండ్లు వెళ్ళిపోయాక బొమ్మను ఇద్దరం చెరో చివర పట్టుకుని సరిహద్దుకు మోశాం. దారిలో అడిగాను. "ఎందుకట్ల జెప్పినవ్ మామా? పంపిస్తే ఏం జేద్దువు?"

మామ భుజం మార్చుకున్నాడు. "నీ బొమ్మ అసలైన మనిషి లెక్క కుదిరింది గదా అల్లుడా. అంత పెద్దమనుషుల ముంగట నేనే చేసిన అని చెప్పుకోబుద్దయింది. జర నీ దిక్కు ఎత్తు, తల కిందికి పోతున్నది."

ఎత్తాను.